మతాన్సాస్‌లో మృదంగం చేతులు

చిన్నప్పుడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. ఆ చేతులకి కాంగా (నిలబెట్టి అరచేతులతో వాయించే క్యూబా డోలు) ఓ లెక్కా అనుకుంటూ నేర్చుకోడానికి క్యూబా వెళ్ళాను. మొదటి అరగంటలోనే పొగరు దిగిపోయింది.

ముందు హవానాలో నాలుగు రోజులున్నాను, వెదాదో పేటలో ఓ కాసా పర్తిక్యులార్‌లో. అంటే ఇంటివాళ్ళే గది అద్దెకిస్తారు. గుమ్మం మీద నీలిరంగు లంగరులాంటి గుర్తుంటుంది. గది శుభ్రంగా ఉంది గానీ డోలు మోగిస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరన్నారు. బుక్ చేసేముందే అడగాల్సిన సంగతి, నాకు తట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం కయెహోన్ దె హమెల్ సందుకి వెళ్ళాను. 1990లో సాల్వదోర్ గొన్సాలెస్ అనే చిత్రకారుడు గోడల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టి ఆ సందు రూపే మార్చేశాడు. అక్కడి రుంబా (డోళ్ళు, పాట, ఆట కలిసిన క్యూబా సంగీతం) చూడ్డానికి పండగే, కానీ జనం భుజాల సందుల్లోంచి వాయించేవాళ్ళ చేతులు ఎక్కడ కనబడతాయి? దారిలో కలిసిన ఒకాయన మంచి గురువుని చూపిస్తానని 20 యూరోలు పుచ్చుకున్నాడు. ఆ గురువు రికార్డు పెట్టి, వినమని చెప్పి ఫోన్లో మునిగిపోయాడు.

హవానాకి తూర్పున దాదాపు 100 కిలోమీటర్లలో ఉంది మతాన్సాస్. వియాసుల్ బస్సులో వెళ్ళాను. నేర్చుకోవాలనుకునేవాళ్ళు నేరుగా ఇక్కడికే రావాలని నా అభిప్రాయం. చుట్టుపక్కల చెరకు తోటల్లో పనికి ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారు, 1886 దాకా బానిసత్వం పోలేదు. రుంబా వాళ్ళ వారసులది. డోలు లేనిచోట ఎండుచేపలొచ్చే చెక్కపెట్టెల మీద వాయించారట. యాంబూ అనే నిదానం రుంబాకి ఇప్పటికీ పెట్టెలే వాడతారు. 1952లో మొదలైన లోస్ మున్యెకితోస్ బృందం ఈ ఊరిదే.

గ్వాగ్వాంకో అనే రకం రుంబాకి మూడు డోళ్ళు. అడుగున పునాది వేసేది తుంబా, దానికి బదులు చెప్పేది త్రెస్ దోస్, ఆ పైన తోచినట్టు మాట్లాడే చిన్నది కింతో. నా కళ్ళన్నీ కింతో మీదే. మా ప్రొఫె (అక్కడ మాస్టార్ని అలాగే పిలుస్తారు) మూడు రోజులు దాన్ని తాకనివ్వలేదు. రెండు కర్రలిచ్చి, వాయిద్యమంతటికీ ఆధారమైన క్లావే అనే దెబ్బల వరస పట్టమన్నారు. 16 మాత్రల్లో అయిదే దెబ్బలు: 1, 4, 8, 11, 13. ఆదితాళంలో ఇమిడే లెక్కే కదా అనుకున్నాను. చిక్కంతా సమంతోనే (తాళంలో మొదటి దెబ్బ) వచ్చింది. ఎంత దూరం తిరిగినా సమం మీదికొచ్చి దిగడం మనకి అలవాటు. నేను దిగిన ప్రతిసారీ ప్రొఫె మొహం చిట్లించేవారు. ఒకటి నుంచి లెక్కపెట్టడం మాని కర్రల చప్పుడే వినాలట. క్లావే రెండో సగాన్ని మొదటిదనుకుని ఎక్కేస్తే దాన్ని ‘క్రుసాదో’ అంటారు. ఆ మాట రోజుకి పాతికసార్లు విన్నాను.

ఒకరోజు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని రెండువైపులా వాయించే బాతా కనబడింది. మన మృదంగమే అనిపించి చెయ్యి చాపాను. ప్రొఫె గబుక్కున ఆపారు. అవి ప్రతిష్ఠ చేసినవి, దీక్ష ఉన్నవాళ్ళే ముట్టుకోవాలి. నేర్చుకునేవాళ్ళకి ప్రతిష్ఠ చేయనివి వేరే ఉంటాయి. మూడింటిలో పెద్దదాన్ని ఇయా అంటారు, యొరుబా భాషలో అమ్మ అని.

మతాన్సాస్‌లో గదికి రోజుకి 25 యూరోలు, పాఠానికి గంటకి 15 ఇచ్చాను, అన్నీ నగదే. అమెరికా బ్యాంకుల కార్డులు చెల్లవు. కరెంటు గంటలతరబడి పోయేది. పవర్ బ్యాంకు, టార్చి లేకుండా వెళ్ళొద్దు. మాంసం తిననివాళ్ళు అన్నం, నల్ల చిక్కుడుగింజల్లో కూడా పంది కొవ్వు వేయొద్దని ముందే చెప్పుకోవాలి. నన్ను కందిపొడి కాపాడింది.

మతాన్సాస్‌లో నేనున్న ఇంట్లో మాత్రం డోలుకి అడ్డులేదు. ఆఖరి రాత్రి కరెంటు పోయాక వరండాలో కూర్చుని తుంబా వాయిస్తుంటే, వంటింట్లోంచి ఇంటావిడ గరిటెతో గిన్నె మీద క్లావే అందుకుంది. అయిదారు ఆవృతాలు బ్రహ్మాండంగా నడిచాయి. గరిటె ఆగింది.

“క్రుసాదో!”