రట్గర్స్‌లోనే ఉండాలా, కార్నెల్‌కి మారాలా: ఏది మేలు?

పోయిన డిసెంబర్ సెలవుల్లో మా అక్క కూతురు మా ఇంటికొచ్చి, వంటింటి బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టి మధ్యలో నిలువుగీత గీసింది. ఎడమపక్క అది చదువుతున్న న్యూజెర్సీ స్టేట్ యూనివర్సిటీ రట్గర్స్, కుడిపక్క న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్. "పిన్నీ, అమ్మానాన్నలకు చెప్పేముందు నీతో మాట్లాడాలి" అంది. ఫస్టియర్ సగం అయింది, మార్కులు బాగున్నాయి. హైస్కూల్ అయ్యాక రాని సీటు ట్రాన్స్‌ఫర్‌లోనైనా వస్తుందేమోనని దాని ఆశ. న్యూజెర్సీలో మన ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తోంది కాబట్టి, ఆ కాగితంలో మేం రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను.

ముందు సీటు సంగతి. హార్వర్డ్ ఏటా తీసుకునే ట్రాన్స్‌ఫర్లు ఓ డజనుకు అటూ ఇటూ. ప్రిన్స్‌టన్ దశాబ్దాల పాటు మూసేసిన తలుపును 2018లో మళ్లీ తెరిచింది, అదీ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లకు, కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక కాలేజీ) పిల్లలకు మొగ్గు చూపుతూ. ఇవన్నీ ఉన్న ఐవీ లీగ్ (పేరున్న ఎనిమిది పాత ప్రైవేటు యూనివర్సిటీల గుంపు)లో కార్నెల్ మాత్రం ఏటా వందల్లో తీసుకుంటుంది. దరఖాస్తుకు గడువు మార్చి 15. ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు కావాలి. మూడు వందల మంది కూర్చునే క్లాసులో మన పిల్ల ముఖం ప్రొఫెసర్‌కి తెలియడమే కష్టం, ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్ తన గదిలో పిల్లల్ని కలిసే వేళలకు) వెళ్లే అలవాటుంటే తప్ప.

డబ్బు దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. న్యూజెర్సీ వాళ్లకు రట్గర్స్‌లో ట్యూషన్, ఫీజులు కలిపి ఏడాదికి 18 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటాయి. కార్నెల్‌లో హాస్టల్, తిండితో కలిపితే 90 వేలు దాటుతుంది. ఐవీ కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు, ఇచ్చే సాయమంతా ఇంటి ఆదాయాన్ని చూసి ఇచ్చేదే. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి అది నిజంగా వరం, స్టేట్ యూనివర్సిటీ కన్నా చవకగా పడినా పడొచ్చు. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేసే మన ఇళ్లకు మాత్రం పెద్దగా రాదు. పైగా ఇక్కడ ఉన్న మెరిట్ స్కాలర్‌షిప్ మారగానే పోతుంది. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకైతే ఫెడరల్ సాయం ఎక్కడా రాదు, 21 నిండితే ఎఫ్1కి, అంటే విద్యార్థి వీసాకి, మారాల్సి రావచ్చు. అలాంటి ఇళ్లలో వీసా లెక్క తేలాకే కాలేజీ లెక్క వేసుకోవాలి.

క్రెడిట్ల విషయం నా కళ్లముందే జరిగింది. నాతో పనిచేసే ఆవిడ కొడుకు ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి బాగా పేరున్న కాలేజీకి మారాడు. రెండు సెమిస్టర్ల కోర్సుల్లో నాలుగిటిని ఆ కాలేజీ 'ఎలెక్టివ్' అని రాసి పక్కన పెట్టింది. అంటే క్రెడిట్లు ఉన్నట్టే, కానీ మేజర్‌కి, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకి, పనికిరావు. ఆ కోర్సుల సిలబస్‌లన్నీ ప్రింట్ తీసి, ఫైల్ కట్టి, ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ తిరిగాడు. రెండు ఒప్పుకున్నారు. మిగతా రెండూ మళ్లీ చదివాడు. ఆ అబ్బాయి కళ్లల్లో అలసట నేను మరిచిపోలేదు.

మరి మారితే దక్కేదేమీ లేదా? ఉంది. హార్వర్డ్ ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం పెద్ద స్టేట్ యూనివర్సిటీ బదులు ఐవీ స్థాయి కాలేజీలో చదివితే సగటు జీతం పెద్దగా మారదు. కానీ పేరున్న సంస్థల్లో చేరే అవకాశం మూడింతలవుతుంది, గొప్ప గ్రాడ్యుయేట్ స్కూళ్లలో సీటొచ్చే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. అయితే అది అక్కడ మొదటినుంచీ చదివినవాళ్ల లెక్క అని నేను దానికి గుర్తుచేశాను. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు మూడో ఏడాది ఎండాకాలపు ఇంటర్న్‌షిప్‌లకు రెండో ఏడాదిలోనే పిల్లల్ని ఎంచుకుంటున్నాయి. అప్పటికి మారినవాళ్లకు క్యాంపస్‌లో దారులు కూడా సరిగ్గా తెలిసి ఉండవు.

మా పిల్లది బయాలజీ, మెడిసిన్ ఆశ. అక్కడే నా మనసు రట్గర్స్ వైపు మొగ్గింది. మెడికల్ స్కూల్ దరఖాస్తులో చదివిన అన్ని కాలేజీల మార్కులూ లెక్కకొస్తాయి. మధ్యలో గ్యాప్ లేకుండా వెళ్లాలంటే మూడో ఏడాది చివర్లోనే దరఖాస్తు పెట్టాలి. రట్గర్స్ బుష్ క్యాంపస్‌లో ఒక ల్యాబ్‌లో అది అప్పుడే బీకర్లు కడగడంతో మొదలుపెట్టి పిపెట్ పట్టే దాకా వచ్చింది. అది వదిలి కార్నెల్ ఉన్న ఇథాకా ఊళ్లో మళ్లీ బీకర్ల దగ్గర మొదలుపెట్టాలా?

అదే దానికి హోటల్ మేనేజ్‌మెంట్ మీదో, కార్మిక సంబంధాల చదువు మీదో మనసుంటే, కార్నెల్‌కి వెళ్లు తల్లీ అనేదాన్ని. ఆ రెంటికీ అక్కడ ఉన్నంత పేరున్న స్కూళ్లు తక్కువ. ఇక్కడ దొరకనిది అక్కడ ఉంటే, దాని పేరు చెప్పగలిగితే, ఖర్చూ కష్టమూ భరించొచ్చు. కేవలం పేరు కోసమైతే దానికి మాస్టర్స్ ఉంది. పెద్ద ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ ఐవీ లీగ్‌లోని వార్టన్ బిజినెస్ స్కూల్ వదిలి నెబ్రాస్కా స్టేట్ యూనివర్సిటీకి మారి డిగ్రీ చేశాడు, మాస్టర్స్‌కి ఇంకో ఐవీ, కొలంబియా వెళ్లాడు.

మా పిల్ల రట్గర్స్‌లోనే ఉండిపోయింది. మీ పిల్లలు వెళ్లాలనే అనుకుంటే, సీటు వచ్చిందన్న సంతోషంలో డిపాజిట్ కట్టేయకండి. ఏయే కోర్సులు మేజర్‌కి లెక్కకొస్తాయో, ఇంకా ఎన్ని సెమిస్టర్లు పడుతుందో అడ్వైజర్ దగ్గర ఈమెయిల్‌లో రాయించుకుని, ఆ తర్వాతే కట్టండి.