పెళ్ళి పనుల మీద చెన్నైలో 4 రోజులు: విడిది దగ్గర జరిగిన అన్యాయం, వదినగారి పుస్తకం

మా అమ్మాయి పెళ్ళి ఏర్పాట్ల కోసం గత నెలలో మేము నలుగురం నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళి 4 రోజులు ఉండి వచ్చాము. మండపం, వంటవారు, శుభలేఖలు, చీరలు, నగలు, విడిది అన్నీ ఆ ఒక్క ప్రయాణంలోనే తేల్చుకోవాలని బయలుదేరాము, చాలావరకు తేల్చుకున్నాము కూడా. అయినా ఇంటికి వచ్చి ఇన్ని రోజులైనా టీ.నగర్‌లో మేము దిగిన లాడ్జీ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం చల్లారడం లేదు. మావైపు నుంచి పెళ్ళి పనుల కోసం చెన్నై వెళ్ళే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక, జరిగినది జరిగినట్లు లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందుగా మా పరిస్థితి చెప్పాలి. వియ్యాలవారు చాలా ఏళ్ళ క్రితమే చెన్నైలో స్థిరపడిన తెలుగువారు. అబ్బాయి, అమ్మాయి ఇద్దరి ఉద్యోగాలూ అక్కడే కనుక పెళ్ళి కూడా చెన్నైలోనే చేయమని కోరారు, మేము సరేనన్నాము. వారి బంధువర్గమంతా రాజమండ్రి నుంచి ముందురోజే దిగుతుంది. ముహూర్తం రాత్రి 9 గంటల 18 నిమిషాలకు. చెన్నైలో చాలా కల్యాణ మండపాలను మధ్యాహ్నం 3 గంటల నుంచి మర్నాడు మధ్యాహ్నం 3 గంటల వరకు అద్దెకిస్తారు. ముందురోజు సాయంత్రం రిసెప్షను, తెల్లవారి ముహూర్తం అన్న అక్కడి పద్ధతికి ఆ వేళలు చక్కగా సరిపోతాయి. మన రాత్రి ముహూర్తానికి ఒక రోజు అద్దె చాలుతుంది గాని, ముందురోజు వచ్చిన మగపెళ్ళివారిని మండపంలో దించడానికి వీలుండదు. అందువల్ల వారికి వేరే విడిది తప్పనిసరి అయింది, మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మా వారు నెల రోజుల ముందే ఎవరో చెప్పిన నంబరుకు ఫోను చేసి, టీ.నగర్‌లో ఒక లాడ్జీలో విడిది కోసం 10 గదులు మాట్లాడి, 10,000 రూపాయలు ఫోనులోనే అడ్వాన్సుగా పంపారు. ఇప్పటి ప్రయాణానికి కూడా అక్కడే రెండు గదులు, గదికి రోజుకు 2,200 చొప్పున, 24 గంటల పద్ధతిలో అని మాట అనుకున్నారు. రసీదు అడగలేదు. తన అక్కగారు, అంటే మా వదినగారు, ఆ రోజే "కాగితం ఏదిరా?" అని అడిగితే "పెద్ద లాడ్జీ అక్కా, మాట తప్పరు" అన్నారు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరాము. ఎదురుగా ఉన్న పార్క్ స్టేషనుకు నడిచి లోకల్ రైలెక్కితే టీ.నగర్‌ను ఆనుకుని ఉన్న మాంబళం స్టేషనుకు టికెట్టు 5 రూపాయలు. సామానుతో ఉన్నాము కదా అని మేము 380 రూపాయలిచ్చి ఆటోలో వెళ్ళాము. లాడ్జీలో అడుగు పెట్టగానే మేనేజరు, ఆ 2,200 ధర వెనుకవైపు ఏసీ లేని గదులకనీ, అవి ఖాళీ లేవనీ, ఏసీ గది 3,100 అనీ చెప్పాడు. ఎండలో వదినగారిని నిలబెట్టలేక ఒప్పుకున్నాము. గదిలో దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. కుళాయి కింద బకెట్టు పెడితే తుప్పు రంగు నీళ్ళు పట్టాయి. వేడినీళ్ళు ఉదయం 6 నుంచి 7 వరకే వస్తాయని తలుపు వెనుక కాగితం అంటించారు. ఇవన్నీ ఒక రాత్రికి ఓర్చుకునేవాళ్ళమే. సాయంత్రం విడిది గదుల సంగతి ఎత్తినప్పుడు మేనేజరు రిజిస్టరు తిరగేసి, ఆ తేదీకి మా పేరు మీద ఒక్క గది కూడా రాసి లేదన్నాడు. అడ్వాన్సు తీసుకున్న మనిషి ఉద్యోగం మానేశాడనీ, ఆ డబ్బు అతని సొంత నంబరుకు వెళ్ళింది గనుక లాడ్జీకి సంబంధం లేదనీ తేల్చేశాడు. మా వారి ముఖం పాలిపోయింది. మా అమ్మాయి ఆ రాత్రి భోజనం చేయలేదు. తన పెళ్ళి కోసం నాన్న మాట పడ్డాడన్నదే దాని బాధ.

మర్నాడు ఉదయం వదినగారు కౌంటరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆమె దగ్గర ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది. నిశ్చితార్థం నాటి నుంచి ప్రతి ఫోను, ప్రతి రూపాయి తేదీతో సహా అందులో ఎక్కుతూ వచ్చాయి. ఎడమ పేజీలో అవతలివారు చెప్పిన మాట, కుడి పేజీలో చెల్లించిన డబ్బు, దాని ఎదురుగా రసీదు ఉంటే టిక్కు, లేకపోతే ఎర్ర సున్నా. మా వారు 10,000 పంపిన తేదీ, గంట, లావాదేవీ సంఖ్య, "రసీదు లేదు" అన్న మాట ఎర్ర సున్నాతో సహా అందులో ఉన్నాయి. ఆ నంబరు లాడ్జీ విజిటింగ్ కార్డు మీద అచ్చయిన నంబరేనని కార్డును పక్కన పెట్టి చూపించారు. అదే సమయంలో మా అమ్మాయి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నమోదు చేయించింది. ఫిర్యాదు సంఖ్యను వదినగారు పైకి చదువుతూ పుస్తకంలో రాసుకుంటుంటే మేనేజరు గొంతు మారింది. యజమానితో లోపలికి వెళ్ళి మాట్లాడి వచ్చి 6,000 తిరిగి ఇచ్చాడు. మిగిలిన 4,000 రద్దు రుసుమట! లేని బుకింగుకు రద్దు రుసుము ఎలా ఉంటుందో అతడు చెప్పలేకపోయాడు. పైగా ఈ తగవు ముగిసేసరికి 12 గంటలైందని, గది ఖాళీ చేయవలసిన వేళ 11 గంటలని బోర్డు చూపించి, రెండు గదులకూ సగం రోజు అద్దె 3,100 అదనంగా వసూలు చేశాడు. ఒక్క రాత్రికి 9,300 రూపాయలు. ఇంత డబ్బుకు చెన్నైలో మర్యాదగల హోటలులోనే ఉండవచ్చు.

అక్కడి నుంచి పడమటి మాంబళంలో స్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న బసకు మారాము. గది 1,900. లిఫ్టు ఇరుకు, ఏసీ కాస్త చప్పుడు చేస్తుంది, కాని దుప్పట్లు ఎండవాసన వేశాయి, నీళ్ళు తెల్లగా వచ్చాయి, వదినగారికి మోకాళ్ళ నొప్పులని తెలిసి కింది అంతస్తులోనే గదులిచ్చారు. స్టేషను నుంచి టీ.నగర్ బస్టాండు దాకా 2023లో తెరిచిన స్కైవాక్ ఉంది గనుక రంగనాథన్ వీధి రద్దీలో ఇరుక్కోకుండా పైనుంచే దాటవచ్చు. వయసు మళ్ళినవారితో వచ్చేవారికి నేను చెప్పేది ఒకటే, టీ.నగర్ లోపల దిగకండి, మాంబళంలో దిగి నడిచి వెళ్ళండి.

మండపాలు మూడు చూశాము. మైలాపూరు మండపం అద్దె వినగానే లేచి వచ్చాము. మిగిలిన రెండింటిలో ఒకటి 1,50,000, రెండోది 1,75,000. చౌకదానికే మా వారు మొగ్గు చూపారు. వదినగారు మాత్రం అద్దె కాక ఇంకేమేమి ఇవ్వాలో ఒక్కొక్కటే చెప్పమని ఆ గుమాస్తాను కూర్చోబెట్టారు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ 27,000. కరెంటు యూనిట్‌కు 25 చొప్పున, 600 యూనిట్లు కాలతాయనుకుంటే 15,000. జనరేటరు గంటకు 2,500, నాలుగు గంటలకు 10,000. శుభ్రం చేసినందుకు 8,000, చెత్త ఎత్తడానికి 4,000, కాపలాదారుకు 3,000, వంటగదికి ఆరు గ్యాసు బండలు 12,600. కూడితే 2,29,600 అయింది. రెండో మండపంలో 1,75,000కు జీఎస్టీ 31,500, గ్యాసు 12,000, అంతే. కరెంటు 600 యూనిట్ల దాకా, జనరేటరు, శుభ్రత అన్నీ అద్దెలోనే. మొత్తం 2,18,500. చౌక అనుకున్నదే 11,100 ఎక్కువ! రెండో మండపం గుమాస్తా చేత ఈ అంకెలన్నీ ఒకే కాగితం మీద రాయించి, సంతకమూ ముద్రా వేయించుకున్న తరువాతే వదినగారు సంచిలోంచి అడ్వాన్సు తీశారు. మండపం చూసేటప్పుడు స్టేజీ, అలంకరణ చూసి మురిసిపోయే ముందు వంటగదిలో నీటి ధార ఎలా ఉందో, విస్తళ్ళు వేసే హాలులో ఒక పంక్తికి ఎందరు కూర్చుంటారో చూడాలి. మా మండపంలో 180 మంది కూర్చుంటారు.

వంటవారి విషయంలో మాత్రం నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. మొదటి రోజు చూసిన కేటరింగువారు ఆకుకు 620 అడిగారు, పెట్టిన భోజనంలో సాంబారు, రసం, కూటు, పొరియల్ అన్నీ బాగానే ఉన్నాయి. కాని మనవాళ్ళకు మొదటి ముద్ద పప్పు, నెయ్యి, ఆవకాయతో పడకపోతే పెళ్ళి భోజనం తిన్నట్లుండదు. వియ్యపురాలు చెప్పగా వెళ్ళిన రెండోచోట వంటాయన గూడూరు నుంచి వచ్చి చెన్నైలోనే పెళ్ళిళ్ళకు వండుతున్నవారు. "ఏ ఊరమ్మా?" అని ఒక్క మాట అడిగి, రుచి చూడమని మా నలుగురికీ ఆకులు వేశారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, గోంగూర, పులిహోర, పప్పుచారు వరుసగా వచ్చాయి. చివర వేడి వేడి పూర్ణం బూరె ఆకులో వేసి, బొటనవేలితో నడిమికి గుంట చేసి, ఆ గుంట నిండా కరిగిన నెయ్యి పోశారు. ముందురోజు రాత్రి ముద్ద ముట్టని మా అమ్మాయి మూడు బూరెలు తింది. దాన్ని చూసి మా వారు మొదటిసారి నవ్వారు. ఆకుకు 480, ఉదయం టిఫిను 160. మేము చెప్పిన సంఖ్యకు 25 వరకు ఎక్కువైతే అదే ధర అని ఆయనే ముందుగా రాసిచ్చారు. వదినగారు అడగకుండానే రాసిచ్చిన మనిషి ఆ నాలుగు రోజుల్లో ఆయన ఒక్కరే.

శుభలేఖలకు పారీస్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్ళాము. ఆ సన్నటి వీధి పొడవునా కాగితాల దుకాణాలు, శుభలేఖల దుకాణాలే. కార్డు 22 రూపాయలు, అచ్చు వేరు. అక్కడ తెలుగు అచ్చు వేస్తారు గాని కూర్చేవారికి తెలుగు రాకపోవచ్చు కనుక ప్రూఫు చూడకుండా డబ్బు కట్టకూడదు. మా ప్రూఫులో అన్నిటికన్నా పైన ఉండవలసిన "అవిఘ్నమస్తు"లో ఘకారం కింది నకారపు వత్తు ఊడిపోయి "అవిఘమస్తు" అయింది. అబ్బాయి ఇంటిపేరులోనూ దీర్ఘం పోయింది. మేము ముగ్గురం చదివి బాగుందన్నాము, వదినగారు కళ్ళద్దాలు తుడుచుకుని అక్షరం అక్షరం వేలు పెట్టి చదివి రెండింటినీ పట్టుకున్నారు. దిద్దిన ప్రూఫు మీద తాను సంతకం చేసి, దుకాణంవారి చేత కూడా చేయించి, ఒక ప్రతి పుస్తకంలో మడిచి పెట్టుకున్నారు. 500 కార్డులు చూసుకుంటే ఒక్కటి కూడా తప్పు లేదు. మొదటి కార్డును వెంకటనారాయణ రోడ్డులో ఉన్న టీటీడీవారి వేంకటేశ్వరస్వామి సన్నిధిలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాము.

చీరల రోజు సాఫీగా గడిచింది. సిల్క్ మార్కు చీటీ ఉన్న పట్టుచీరలు నాలుగు, 61,400. మధుపర్కాలు మాత్రం చెన్నైలో వెతకలేదు, మాకు దగ్గర్లోని వెంకటగిరిలోనే తీసుకుంటాము. నగల దుకాణంలో తెలుగువారి పుస్తె కావాలంటే వెంటనే తీసి చూపించారు. ధర కన్నా ముందు తరుగు శాతం అడగండి, ఒకే రకం గొలుసుకు ఒక దుకాణంలో 14, పక్క దుకాణంలో 9 చెప్పారు. హాల్‌మార్కుతో పాటు నగ మీద ఉండే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్యను మా అమ్మాయి అక్కడికక్కడే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసింది.

మధ్యలో పానగల్ పార్కు దగ్గర కాసేపు కూర్చున్నప్పుడు, చరిత్ర పాఠాలు చెప్పే మా వారు, ఆ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయణింగారు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి మంత్రిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవిలో, ఉన్న తెలుగువారనీ, టీ.నగర్ పేరులోని త్యాగరాయ చెట్టిగారు కూడా తెలుగువారేననీ చెప్పారు. లాడ్జీ గొడవ తరువాత ఆయన అంత తీరికగా మాట్లాడటం అప్పుడే విన్నాను.

చివరి రోజు విడిది ఖాయం చేసుకున్నాము. మేము మారిన ఆ చిన్న బసనే అడిగితే 10 గదులు, రెండు రాత్రులకు జీఎస్టీతో కలిపి 39,900 అన్నారు. వదినగారు పది గదులూ తిరిగి ప్రతి స్నానాలగదిలో కుళాయి విప్పి చూశారు, ఏడో గదిలో గీజరు పనిచేయడం లేదని చెబితే బాగు చేయిస్తామని కాగితంలోనే చేర్చారు. గదుల సంఖ్యలు, దిగే వేళ, ఖాళీ చేసే వేళ, రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారు అన్నీ లెటర్‌హెడ్డు మీద రాసి ముద్ర వేశారు. అడ్వాన్సు 8,000 బస పేరు మీద ఉన్న ఖాతాకే పంపాము, ఈసారి పంపింది కూడా మా వారే, రసీదు చేతికి అందేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలలేదు.

పూల సంగతి మిగిలింది. కోయంబేడు పూల మార్కెట్టుకు పెళ్ళికి వారం ముందు మళ్ళీ వెళ్ళాలి. 1915 హెల్ప్‌లైనుకు ఇచ్చిన ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది. తిరుగు రైలులో వదినగారు ఆ రోజు లెక్కలు ఎక్కించి, అన్ని వరుసలకూ టిక్కులు పెట్టి, 4,000 రూపాయల వరుస ఎదురుగా ఉన్న ఎర్ర సున్నాను మాత్రం అలాగే ఉంచారు.