పాటీ కుర్చీ సమీక్ష: పెట్టె మీది వయసు చూసి కొనవద్దు

రెండేళ్ళ పిల్లలకు ఒంటికి, రెంటికి కూర్చోవడం అలవాటు చేయడానికి బజారులో దొరికే పాటీ కుర్చీల్లో మేము మావాడికి వాడుతున్నది మామూలు రకం. ప్లాస్టిక్ కుర్చీ, ఆనుకోవడానికి చిన్న వీపు, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు, మధ్యలో బయటికి తీయగలిగే గిన్నె, దాని మీద మూత. ధర వెయ్యి రూపాయల లోపే. ఒకే అచ్చులోంచి వచ్చినట్టున్న ఈ కుర్చీని నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు కనుక కంపెనీ పేరు చెప్పినా చదివేవారికి పెద్ద ఉపయోగం ఉండదు. వస్తువుగా చూస్తే ఇది బాగానే ఉంది, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తోంది. అట్టపెట్టె మీద ‘6 నెలల నుంచి’ అని అచ్చువేసిన మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ఈ కుర్చీ రోజూ వాడుకలో ఉంటుందా, బాల్కనీలో మూలన పడి ఉంటుందా అన్నది దాని నాణ్యత కంటే, కొన్ననాటికి పిల్లవాడు ఏ దశలో ఉన్నాడన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఆరు నెలల బిడ్డ ఆసరా ఉంటే కూర్చోగలడు, అంతే. మూత్రం వస్తున్నట్టు గ్రహించి, కాసేపు ఆపుకొని, తగిన చోటికి వెళ్ళి విడవడమన్నది ఏడాది లోపు పిల్లలకు చేతనయ్యే పని కాదు. ఆ తర్వాత మరో ఆరు నెలల వరకు కూడా ఆ పట్టు చాలా తక్కువగానే ఉంటుంది. పద్దెనిమిది నెలలు దాటాక కొందరిలో లక్షణాలు కనిపించడం మొదలై, ఎక్కువమంది రెండు, మూడేళ్ళ మధ్య సిద్ధమవుతారు. పిల్లవాడి సంసిద్ధతను బట్టి, బలవంతం లేకుండా నేర్పించాలన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా పిల్లల వైద్యుడు టి. బెర్రీ బ్రేజల్టన్ 1962లో ప్రచురించిన పరిశీలనలో, 1,170 మంది పిల్లలకు పగటిపూట అలవాటు సగటున 28.5 నెలలకు కుదిరింది. 27 నెలలకు ముందే పట్టుబట్టి శిక్షణ మొదలుపెట్టడం వల్ల చాలామంది పిల్లల విషయంలో ఒరిగేది తక్కువని, శిక్షణ మాత్రం ఎక్కువ కాలం సాగుతుందని 2003లో అక్కడే వెలువడిన మరో అధ్యయనం తేల్చింది. పెట్టె మీద ఆరు నెలలని వేసినవారు పిల్లవాడు కుర్చీలోంచి పడిపోకుండా కూర్చోగలడా అన్నంతవరకే ఆలోచించి ఉంటారు.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇక్కడ ఒక అభ్యంతరం ఉంటుంది, అది కొట్టిపారేయదగినది కాదు. “మీ ఆయన్ని ఏడాది నిండకుండానే కాళ్ళ మీద కూర్చోబెట్టి అలవాటు చేశాను, రెండేళ్ళొచ్చినా వీడికింకా డైపరేమిటమ్మా?” అని మా అత్తగారు అడిగారు. రెండు పాదాల మీద పసిబిడ్డను కూర్చోబెట్టుకొని ‘స్స్’ అని శబ్దం చేస్తే బిడ్డ ఉచ్చ పోయడం మన ఊళ్ళలో ఎంతోమంది చూసినదే. తూర్పు ఆఫ్రికాలోని డిగో జాతివారు కూడా ఇలాగే సైగలతో అలవాటు చేసి, అయిదారు నెలలకే బిడ్డలను పొడిగా ఉంచగలుగుతారని 1977లో డివ్రీస్ దంపతులు నమోదు చేశారు. అయితే ఆ పద్ధతిలో వేళ కనిపెట్టేది, బిడ్డను ఎత్తుకెళ్ళేది, బట్ట విప్పేది అంతా పెద్దవాళ్ళే. దానికి రోజంతా బిడ్డను కనిపెట్టుకొని ఉండే మనిషి కావాలి. పిల్లవాడు తనంతట తాను వచ్చి కూర్చోవడానికి చేసిన ఈ కుర్చీ ఆ పద్ధతికి పనికిరాదు. పైగా గోచీగుడ్డ తడిసిన మరుక్షణమే చల్లగా తగిలి బిడ్డకు సంగతి తెలిసేది. నేటి డైపర్ తడిని పీల్చుకొని ఒంటికి తగలనివ్వదు కాబట్టి, తాను ఉచ్చ పోసుకున్నానన్న ఎరుకే చాలామంది పిల్లలకు ఆలస్యంగా వస్తుంది.

కుర్చీ కొనాలని మేము నిర్ణయించుకోవడానికి వయసు కంటే కొన్ని లక్షణాలు కారణమయ్యాయి. డైపర్ రెండు గంటలకు పైగా పొడిగా ఉండటం, కొన్నిసార్లు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి కూడా తడవకపోవడం మొదటిది. మూత్రాశయానికి నిలుపుకొనే శక్తి వచ్చిందనడానికి ఇంతకంటే తేలికగా తెలిసే గుర్తు లేదు. రెండోదాన్ని చాలామంది అల్లరిగా పొరబడతారు. ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి హాల్లోని కర్టెన్ వెనక్కి వెళ్ళి, సోఫా అంచు పట్టుకొని, మొహం ఎర్రబడేలా ముక్కుతూ, మేము అటు చూస్తే ‘పో’ అని చేత్తో తోసేవాడు. అంటే రెంటికి వస్తున్నట్టు వాడికి ముందే తెలుస్తోంది, ఎక్కడ వెళ్ళాలన్న ఎంపిక కూడా ఉంది. కర్టెన్ వెనక చోటుకు బదులు మరో చోటు చూపించడమే మనకు మిగిలిన పని. ఆ పైన నిక్కరు తనే మోకాళ్ళ దాకా దించుకోగలగడం, ‘బంతి తెచ్చి బుట్టలో వెయ్యి’ అంటే రెండు పనులూ వరసగా చేయగలగడం, తడిసిన డైపర్‌ను లాగి పారేయబోవడం, పెద్దవాళ్ళు బాత్రూమ్‌కు వెళితే వెంటపడి చూడటం వంటివి ఉంటే ఇక ఆలోచించనక్కరలేదు. అన్నీ ఒకేసారి రావు, రావాలని కూర్చుంటే మూడేళ్ళు దాటిపోతాయి. సాధారణంగా ఆడపిల్లలు కాస్త ముందుంటారు.

ఇక కుర్చీ సంగతి. దీనిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఎత్తు. పిల్లవాడు కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనుతాయి, మోకాళ్ళు నడుము కంటే కాస్త పైకి వస్తాయి. మనం గొంతుక్కూర్చున్నప్పటి భంగిమకు ఇది దగ్గరగా ఉంటుంది. మలద్వారం దగ్గరి కండరం సడలి మలం సులువుగా దిగడానికి ఈ భంగిమే అనువైనది. కుర్చీ అడుగున నాలుగు రబ్బరు బిళ్ళలు ఉన్నాయి, టైల్స్ మీద జారడం లేదు. గిన్నెను ముందువైపు నుంచి లాగి తీయవచ్చు కాబట్టి, పిల్లవాడిని కుర్చీలో ఉంచే, కమోడ్‌లో ఒంపి జెట్ స్ప్రేతో కడిగి తేవచ్చు. గిన్నె అంచు కింద ఒక సన్నని మడత ఉంది, తడి అక్కడ చేరి నిలుస్తుంది. పైపైన కడిగి పెట్టేస్తే మర్నాటికి వాసన వస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ మడతను రుద్ది, ఎండలో బోర్లించడం తప్పనిసరి. మగపిల్లల ఉచ్చ ముందుకు చిమ్మకుండా అమర్చిన అడ్డు బొటనవేలంత ఎత్తే ఉంది, సగం రోజులు నేల తుడుచుకోక తప్పడం లేదు. అంతకంటే ఎత్తుగా పెట్టి ఉంటే ఎక్కి కూర్చునేటప్పుడు గీరుకుపోయేది, ఒక్కసారి నొప్పి తగిలితే పిల్లలు మళ్ళీ ఆ ఛాయలకు రారు, కనుక ఈ లోపాన్ని క్షమించవచ్చు. వేసవిలో చెమటకు తొడలు ప్లాస్టిక్‌కు అంటుకొని, లేచేటప్పుడు కుర్చీ కూడా కొంచెం పైకి లేస్తుంది. పక్కన ఎవరైనా ఉండి పట్టుకోవాలి.

క్షమించలేనిది సంగీతం. గిన్నె అడుగున రెండు లోహపు చుక్కలు, తడి తగలగానే మోగే ఒక పాట, దానికో బ్యాటరీ. మొదటిసారి అది మోగగానే మావాడు ఉలిక్కిపడి లేచి, మిగిలింది నేల మీద పోశాడు. తర్వాత అలవాటుపడి, పాట కోసం మగ్గుతో నీళ్ళు తెచ్చి పోయడం నేర్చుకున్నాడు. తన శరీరం చెప్పే సంగతిని వినవలసిన సమయంలో పిల్లవాడి ధ్యాసను బొమ్మ వైపు మళ్ళించడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు. బ్యాటరీ తీసేశాము, కుర్చీ విలువ పెరిగింది. సంగీతం లేని రకం దొరికితే అదే కొనండి, ధర కూడా తక్కువ ఉంటుంది.

కమోడ్ మీద పెట్టుకొనే రింగు సీటును, మెట్లున్న నిచ్చెన సీటును కూడా బంధువుల ఇళ్ళలో వాడి చూశాము. రింగు సీటు చవక, కడిగే పని తక్కువ, పిల్లవాడు మొదటి నుంచి కమోడ్‌కే అలవాటుపడతాడు. కానీ కాళ్ళు గాలిలో వేలాడుతుంటే ముక్కడానికి పట్టు దొరకదు, పడిపోతానన్న భయంతో శరీరం బిగుసుకుంటుంది. కాళ్ళ కింద పీట వేయకుండా దాన్ని వాడవద్దు. మన కమోడ్‌లు కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా ఉంటాయి కాబట్టి కొలత సరిపోతుందో లేదో చూసుకోవాలి. నిచ్చెన సీటులో కాళ్ళకు ఆధారం ఉంటుంది గాని, ఎప్పుడూ తడిగా ఉండే మన బాత్రూమ్‌లలో, ఉన్న కాస్త చోటులో, దాన్ని తీయడం, పెట్టడం పెద్దలకే విసుగు. మూడేళ్ళు దాటిన పిల్లలకు రింగు, పీట కలిపి బాగుంటాయి. మొదలుపెట్టేవారికి నేల మీది కుర్చీయే నయం. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఊరికి వెళ్ళినప్పుడు కూడా ఇది వెంట వస్తుంది.

కుర్చీని ఎప్పుడు బయటికి తీయకూడదో పెట్టెలోని కాగితం ఒక్క ముక్కైనా చెప్పదు. ఇంట్లో చంటిబిడ్డ పుట్టినప్పుడు, ఇల్లు మారేటప్పుడు, పిల్లవాడికి జ్వరమో విరేచనాలో ఉన్నప్పుడు మొదలుపెట్టవద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, మలం గట్టిగా వస్తున్నప్పుడు అసలే వద్దు. నొప్పికి భయపడి పిల్లవాడు ఆపుకుంటాడు, ఆపుకున్నకొద్దీ మలం మరింత గట్టిపడుతుంది, చివరికి కుర్చీ పేరెత్తితేనే ఏడుస్తాడు. అలాంటప్పుడు ముందుగా పిల్లల డాక్టరుకు చూపించి, నీళ్ళు, పండ్లు, కూరలు పెంచి, పాలు మితిమీరుతున్నాయేమో గమనించి, మలం మెత్తబడ్డాక కుర్చీ సంగతి చూడవచ్చు. జూన్‌లో ప్లేస్కూల్ తెరుస్తారు, డైపర్‌తో పంపితే చేర్చుకోబోమన్నారంటూ ఏప్రిల్‌లో ఈ కుర్చీ కొనేవారు చాలామంది ఉంటారు. లక్షణాలు కనిపిస్తున్న పిల్లవాడైతే ఆ వ్యవధి సరిపోవచ్చు. కనిపించకపోతే స్కూలు వారితో మాట్లాడి గడువు అడగడం, లేదా మరో స్కూలు చూసుకోవడం మేలు. పిల్లవాడు మొండికేస్తే కుర్చీని కొన్ని వారాలు అటక మీద పెట్టేయండి, దాని వల్ల నష్టమేమీ లేదు.

వాడే పద్ధతిలో మాకు కలిసివచ్చినది భోజనం తర్వాత కూర్చోబెట్టడం. తిన్నాక పేగుల కదలిక సహజంగానే పెరుగుతుంది. అయిదు నిమిషాలకు మించి కూర్చోబెట్టవద్దు, ఫోన్ చేతికివ్వవద్దు. గుండీల జీన్సులు పక్కన పెట్టి ఎలాస్టిక్ నిక్కర్లు వేయండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే కడగాలి, లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. గిన్నె కడిగాక బకెట్‌లో నీళ్ళు మిగిల్చి పిల్లవాడిని బాత్రూమ్‌లో ఒంటరిగా వదలవద్దు.

రాత్రి సంగతి ఈ కుర్చీ పరిధిలోకి రాదు. పగలు అలవాటైన పిల్లలు కూడా రాత్రిళ్ళు నెలల తరబడి, కొందరు ఏళ్ళ తరబడి పక్క తడుపుతారు. అయిదేళ్ళ లోపు దాన్ని జబ్బుగా చూడనక్కరలేదు. మేము రాత్రికి డైపర్ కొనసాగిస్తూ, పరుపు మీద రబ్బరు షీటు వేస్తున్నాము. గిన్నె పగిలితే విడిగా దొరుకుతుందా అని అమ్మినవారిని అడిగితే కుర్చీ మొత్తం కొనుక్కోమన్నారు, కాబట్టి దుకాణంలోనే గిన్నెను బయటికి తీసి, అడుగున పగుళ్ళు లేవని, అంచు చేతికి గరుకుగా తగలడం లేదని చూసుకొని, వీలైతే పిల్లవాడిని ఒకసారి కూర్చోబెట్టి పాదాలు నేలకు ఆనుతున్నాయని తేల్చుకున్నాకే డబ్బు చెల్లించండి.