ఎంసీఓసీ ఐడీలు కొనేవాళ్ళకి హెచ్చరిక: "మనం మనం తెలుగోళ్ళం" అన్నాడంటే అక్కడే ఆగండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఇటు పాతపట్నం, టెక్కలి వైపు మార్వెల్ కాంటెస్ట్ ఆఫ్ ఛాంపియన్స్ (ఎంసీఓసీ) అనే ఫోన్ గేమ్ ఆడే అందరికీ చెప్తున్నాను. ఐడీలు, అంటే ఆడి పెంచిన గేమ్ అకౌంట్లు, అమ్మే ఆ గ్రూపు పేరు నేను చెప్పక్కర్లేదు, మీలో సగంమంది అందులోనే ఉన్నారు. సింహం డీపీ పెట్టుకున్న సేల్స్‌మ్యాన్ ఎవడో కూడా మీకు తెలుసు. వాడి దగ్గర ఏమీ కొనకండి. రేటు ఎంత తక్కువ చెప్పినా సరే.

జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తా. వేలియంట్ టైటిల్ (గేమ్‌లో చాలా ముందుకెళ్ళినవాళ్ళకి వచ్చే హోదా) ఉన్న ఐడీ, తొమ్మిదిన్నర వేలు, యూపీఐలో కట్టాను. జీమెయిల్, దాని పాస్‌వర్డ్, గేమ్ లాగిన్ అన్నీ ఇచ్చాడు. "ఫుల్ యాక్సెస్ బావా, ఇంక నీదే" అన్నాడు. వారం తిరక్కుండా వెనక్కి లాగేసుకున్నాడు.

డబ్బులు పోయినందుకు కాదు ఈ మంట. ఒక రోజు గేమ్ తెరిస్తే లాగిన్ తప్పు అంటోంది. మెయిల్ తెరవబోతే అదీ తప్పే. సర్లే, మన బావ ఉన్నాడు కదా అని వాడికే మెసేజ్ పెట్టాను. అంతకు ముందు దాకా వాడి భాష ఎలాగుండేదంటే, "ఏటి బావా, నమ్మకం లేదేటి? ఈ ఒడియా గ్రూపుల్లో మనోళ్ళకి మనమే కదా దిక్కు, మనం మనం తెలుగోళ్ళం." పండక్కి బరంపురం వస్తే కలుద్దాం అన్నాడు. అలాంటివాడు ఆ మెసేజ్‌కి హిందీలో జవాబిచ్చాడు. "కౌన్ సా ఐడీ? వో తో మేరా హై. తూ కౌన్?" అంతే. ఆ నిమిషం నుంచి బావకి తెలుగు రాదు. తెలుగులో ఏం పెట్టినా "సమఝ్ నహీ ఆయా" అంటాడు. ఆ తర్వాత బ్లాక్.

ఇంకా ఉంది. ఆ సాయంత్రమే అదే ఐడీ మళ్ళీ గ్రూపులో అమ్మకానికి పెట్టాడు, ఈసారి పదకొండు వేలు. స్క్రీన్‌షాట్‌లో పైవరసలో హెర్క్యులీస్ అనే ఛాంపియన్ (ఆటలో మనం ఆడించే వీరుడు) ఉన్నాడు, 6 స్టార్. నాకు ఇచ్చినప్పుడు వాడు ర్యాంకు 3. ఇప్పుడు యాడ్‌లో ర్యాంకు 4. ఆ ఒక్క ర్యాంకు పెంచడానికి వాడి కాస్మిక్ క్లాస్‌కి కావాల్సిన క్యాటలిస్టులు (ర్యాంకు పెంచే సరుకు), గోల్డు ఎంత కూడబెట్టాలో ఆడేవాళ్ళకి తెలుసు. ఈవెంట్ క్వెస్ట్ కూర్చుని కొట్టి ఆ ర్యాంకు పెంచింది నేను, దానికి రేటు పెంచుకుంది వాడు. కింద "ఫ్రెష్ ర్యాంకప్" అని రాసి నిప్పు బొమ్మ కూడా పెట్టాడు. నాలాంటి మహా మేధావులకి కూలి కూడా ఇవ్వక్కర్లేదన్న సంగతి బావ ముందే కనిపెట్టాడు.

ఇది ఒక్కసారి జరిగిన మోసం కాదు, వాడి వ్యాపారమే ఇది. ఒక ఐడీని అమ్ముతాడు, లాక్కుంటాడు, మళ్ళీ అమ్ముతాడు. ఎలా లాక్కుంటాడో చెప్తాను, కొనబోయేవాళ్ళు కొంచెం ఓపిగ్గా చదవండి.

మొదటి దారి మెయిల్. జీమెయిల్ చేతికి రాగానే అందరం చేసేది పాస్‌వర్డ్ మార్చడం, రికవరీ ఫోన్ నంబర్ తీసేసి మనది పెట్టడం. అయిపోయింది, ఇంక మనదే అనుకుంటాం. కానీ రికవరీ నంబర్ మార్చినా, 7 రోజుల వరకు పాత నంబర్‌కే కోడ్ పంపించుకునే వీలు గూగుల్ ఉంచుతుంది. ఎవరైనా మన మెయిల్ దొంగిలిస్తే మనం వెనక్కి తెచ్చుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. దొంగలకీ అదే పనికొస్తోంది. వాడి పాత సిమ్‌కి కోడ్ వస్తుంది, కొత్త పాస్‌వర్డ్ పెడతాడు, మన ఫోన్‌లో లాగిన్ ఎగిరిపోతుంది. "వారం వాడి చూడు బావా, నచ్చితేనే మిగతా డబ్బులు" అని కొందరికి ఆఫర్ ఇస్తున్నాడట. ఆ వారం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. ఇది కాక బ్యాకప్ కోడ్లు ఉంటాయి, ఎనిమిదేసి అంకెలవి, ఫోన్ చేతిలో లేకపోయినా లాగిన్ అవ్వడానికి. టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే ఏర్పాటు) పెట్టి ఉన్న మెయిల్ అయితే వాటిని ముందే ప్రింట్ తీసి పెట్టుకుంటాడు. మనం కొత్త సెట్ తీస్తేనే పాతవి చెల్లకుండా పోతాయి. ఆ పని చేసేవాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరు.

రెండో దారి అసలైంది, దాన్ని మూయడం ఎవరి వల్లా కాదు. రసీదులు. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా రసీదు మెయిల్ వస్తుంది, అందులో జీపీఏతో మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటుంది. ఆ రసీదు వెళ్ళేది డబ్బు కట్టిన గూగుల్ అకౌంట్‌కి. గేమ్ లాగిన్ మెయిల్ వేరేది కావచ్చు. మనకి ఇచ్చేది గేమ్ మెయిల్, వాడి దగ్గర ఉంచుకునేది రసీదులున్న మెయిల్. ఐడీ పోయిందని గేమ్ కంపెనీ కబామ్ సపోర్ట్‌కి రాసేటప్పుడు ఐడీ తమదేనని చూపించడానికి ఇలాంటి పాత కొనుగోళ్ళ వివరాలు పనికొస్తాయి. పాత రసీదులు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళ మాటకే బలం ఎక్కువ. ఇంటి తాళం మన చేతిలో పెట్టి దస్తావేజు వాడి బీరువాలో దాచుకోవడం అన్నమాట.

అందుకే ఐడీ ఎంత పాతదైతే అంత ముప్పు. ఈ గేమ్ వచ్చింది 2014 డిసెంబరులో. "2015 ఐడీ, ఓల్డ్ ఈజ్ గోల్డ్" అని యాడ్లు వేస్తారు కదా, అలాంటి ఐడీ ఈపాటికి ఎన్ని చేతులు మారిందో లెక్క లేదు. అందులో ప్రతి ఒక్కడి దగ్గరా ఏదో ఒక రసీదు ఉండొచ్చు. మనకి అమ్మినవాడు నిజాయితీపరుడే అనుకున్నా, వాడికి అమ్మినవాడు లాక్కోవచ్చు.

మరి మనం సపోర్ట్‌కి రాస్తే? ఏమని రాస్తాం? "నేను కొన్న ఐడీ పోయింది" అని రాస్తే మన చేత్తో మనమే బ్యాన్ కాగితం రాసిచ్చినట్టు. ఐడీలు కొనడం, అమ్మడం, లాగిన్ ఇంకొకరికి ఇవ్వడం కబామ్ నియమాలకి విరుద్ధం. ఇది మొదటి నుంచీ ఉన్న నియమమే, వాళ్ళని తిట్టి లాభం లేదు. సింహం బావకి కూడా ఈ సంగతి బాగా తెలుసు. కొన్నవాడు ఎక్కడా నోరెత్తలేడన్న ధైర్యంతోనే వాడి దుకాణం నడుస్తోంది.

గ్రూపులో "మిడిల్‌మ్యాన్ ఉన్నాడు, సేఫ్" అంటారు. డబ్బు ముందు మిడిల్‌మ్యాన్‌కి, ఐడీ చేతికొచ్చాక వాడు అమ్మినవాడికి. చాలాసార్లు ఆ మిడిల్‌మ్యాన్ వాడిదే ఇంకో నంబర్. కాకపోయినా లాభం లేదు, ఎందుకంటే మోసం జరిగేది ఐడీ ఇచ్చేటప్పుడు కాదు, ఇచ్చిన తర్వాత. వీడియో కాల్‌లో ప్రొఫైల్ తెరిచి చూపించమనడం, రోస్టర్ (ఐడీలోని ఛాంపియన్ల జాబితా) మొత్తం జరిపి చూపించమనడం, ఇవన్నీ ఐడీ నిజమని చెప్తాయి. ఐడీ నిజమే బాబూ, దాంట్లో అనుమానం ఎవరికుంది?

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముఖ్యం, గేమ్ ఆడనివాళ్ళకి కూడా పనికొస్తుంది. ఆ మెయిల్‌ని మీ ఫోన్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌గా కలిపారా? మీ ఫోన్ ఇప్పుడు ఆ అకౌంట్ కింద ఉన్న పరికరాల్లో ఒకటి. పోగొట్టుకున్న ఫోన్ వెతుక్కోవడానికి గూగుల్ ఇచ్చిన సదుపాయం ఉంది కదా, ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఉన్నవాడు దాన్ని తెరిచి మీ ఫోన్ ఎక్కడుందో చూడొచ్చు, లాక్ చేయొచ్చు, మొత్తం చెరిపేయొచ్చు కూడా. మీరు కొత్తగా సేవ్ చేసే కాంటాక్టులు ఆ అకౌంట్‌లోకే పోతుండొచ్చు. ఫోటోల బ్యాకప్ ఆ మెయిల్ మీద ఆన్ అయి ఉంటే ఇంట్లోవాళ్ళ ఫోటోలు కూడా అంతే. బావ చివరి మెసేజుల్లో "జ్యాదా బోలేగా తో ఫోన్ భీ జాయేగా" (ఎక్కువ మాట్లాడితే ఫోన్ కూడా పోతుంది) అన్నది ఈ ధీమాతోనే. కాబట్టి ఎవడి దగ్గర కొన్న మెయిల్ అయినా ఫోన్‌లో ఉంటే ఈ క్షణం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ అకౌంట్ తీసేయండి. గేమ్‌లోంచి లాగౌట్ అయితే సరిపోదు, ఫోన్‌లోంచే తీసేయాలి. కాంటాక్టులు ఏ అకౌంట్‌లో ఉన్నాయో ముందు చూసుకుని మీ సొంత మెయిల్‌కి మార్చుకోండి, లేకపోతే దాంతో పాటే మాయమవుతాయి.

సగం ధరకి యూనిట్లు (గేమ్‌లో వాడే డబ్బు) అమ్మే ఇంకో బ్యాచ్ అదే గ్రూపులో ఉంది. ఈ గేమ్‌లో ఒకరి యూనిట్లు ఇంకొకరికి పంపించే వీలు లేదు. కాబట్టి "యూనిట్లు వేస్తాను" అన్నవాడు చేసేది రెంటిలో ఒకటి, మీ లాగిన్ తీసుకుని మీ ఐడీలో ఎవరిదో కార్డుతో కొనడం. లేదా తన కార్డుతోనే కొని, 48 గంటల లోపు ప్లే స్టోర్‌లో రిఫండ్ అడగడం. దొంగ కార్డు అయితే అసలు ఓనరు బ్యాంకులో ఫిర్యాదు చేసేసరికి వారాలు పట్టొచ్చు, అప్పటికి మీరు ఆ యూనిట్లతో క్రిస్టల్స్ (ఛాంపియన్లు వచ్చే పెట్టెలు) తెరిచేసి ఉంటారు. డబ్బు వెనక్కి పోతే యూనిట్లు కోసేస్తారు, ఖర్చయిపోయి ఉంటే లెక్క మైనస్‌లోకి దిగుతుంది, ఐడీ మీద బ్యాన్ కూడా పడొచ్చు. అమ్మినవాడికి పోయేదేం లేదు, మీరు కట్టిన సగం ధర వాడికి మొత్తం లాభమే.

మీ బదులు అలయన్స్ వార్ (జట్ల పోరు) కొట్టి పెడతా, బ్యాటిల్‌గ్రౌండ్స్ ఆడి పెడతా అని లాగిన్ అడిగేవాళ్ళూ అంతే. మీ సొంత జట్టు, అంటే అలయన్స్‌లో ఉన్న 30 మందిలో ఒకడు అడిగినా ఇవ్వొద్దు.

అసలు అంత తొందరేంటో కూడా అర్థం కాదు. వేలియంట్ ఐడీ కొని, పారీ (దెబ్బని సరైన క్షణంలో అడ్డుకోవడం) టైమింగ్ రాక, ఎస్పీ 2 (ఎదుటివాడి ప్రత్యేక దాడి) తప్పించుకోలేక మొదటి బాస్ దగ్గరే రివైవ్‌లు (పడిపోయిన ఛాంపియన్‌ని లేపేవి) తగలేస్తున్నవాళ్ళని చూస్తున్నాం కదా. ఆరు క్లాసుల్లో ఏది దేని మీద పైచేయో తెలీకుండా టెక్ ఛాంపియన్‌ని తీసుకెళ్ళి కాస్మిక్ ముందు నిలబెడతారు. రోస్టర్ కొనుక్కోవచ్చు, వేళ్ళు ఎక్కడ కొంటారు?

ఇక వాడి బెదిరింపు ఒకటి. కంప్లైంట్ ఇస్తానంటే, "కొత్త గేమింగ్ చట్టం వచ్చింది, ఐడీ కొన్నందుకు నిన్నే లోపలేస్తారు" అంటున్నాడు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆపేది పందెం డబ్బు పెట్టి ఆడే ఆటలని. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటలవి. మన హెర్క్యులీస్‌కి, దానికి సంబంధం లేదు. ఐడీ కొనడం కంపెనీ నియమం తప్పడం, దానికి ఐడీ పోతుంది. డబ్బు తీసుకుని మోసం చేయడం మాత్రం నేరం, అది వాడి నెత్తిమీదే ఉంది. భయపడి ఊరుకోకండి.

పోయినవాళ్ళు చేయాల్సింది: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. డబ్బు వాడి ఖాతాలోంచి ఇంకో ఖాతాకి జారిపోక ముందే అందుకుంటే ఆపే అవకాశం ఉంటుంది. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఉంటుంది, అది, కట్టిన తేదీ, సమయం, వాడి యూపీఐ ఐడీ పక్కన పెట్టుకుని మాట్లాడండి. ఒడిశా వైపు ఉన్నవాళ్ళు ఒడియాలోనో హిందీలోనో చెప్పుకోవాల్సి రావచ్చు, ముందే నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. చాట్ డిలీట్ చేయొద్దు, కోపంలో చాలామంది అదే చేస్తారు. వాడు బ్లాక్ చేసే ముందే స్క్రీన్‌షాట్లు తీయండి, ప్రొఫైల్ తెరిచి నంబర్ కనపడేలా ఒకటి తప్పకుండా.

డబ్బు కట్టేటప్పుడు స్క్రీన్ మీద కనపడే బ్యాంకు పేరు చూడండి. బావ పేరు ఒకటి, అక్కడ వచ్చిన పేరు ఇంకొకటి. "మా వదిన అకౌంటు" అంటాడు. ఇద్దరు ముగ్గురిని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో వదిన చెప్పాడు.

వాడు వాడే యూపీఐ ఐడీలు నా దగ్గర ఉన్నవి పబ్లిక్‌గా పెడితే పోస్టే లేపేస్తారు, అందుకే ఇక్కడ పెట్టట్లేదు. మీ దగ్గర కూడా వాడికి కట్టిన రసీదు ఉంటే ఇన్‌బాక్స్‌కి రండి, పోల్చి చూసుకుందాం. ఒకే ఖాతాకి కట్టినవాళ్ళం నలుగురం తేలితే ఒకరి కంప్లైంట్ నంబర్ ఇంకొకరు తమ కంప్లైంట్‌లో రాసుకోవచ్చు.