హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఈ స్టడీ హాల్: ఏసీ కంటే కిటికీలు ముఖ్యం

గ్రూప్స్‌కి చదివేవాళ్లు స్టడీ హాల్‌కి వెళ్లగానే అడిగేవి ఏసీ, వైఫై, ఛార్జింగ్ పాయింట్, లాకర్. ఇక్కడ అవన్నీ ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. నేను ఇక్కడే ఉండిపోయింది మాత్రం కిటికీల కోసం. మూడో అంతస్తు, రెండు వైపులా కిటికీలు, తూర్పు వైపు కూర్చుంటే వేపకొమ్మలు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి. ఉగాది రోజుల్లో పూత రాలి నోట్సు మీద పడుతుంది, దులుపుకుని మళ్లీ రాసుకుంటాం.

దీనికి ముందు చదివింది ఒక సెల్లార్‌లో, పేరు వద్దు. తల మునిగేంత ఎత్తు ప్లైవుడ్ క్యాబిన్లు, చెమ్మ వాసన, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే ట్యూబ్‌లైటు. మధ్యాహ్నం మూడయ్యేసరికి తల దిమ్మెక్కిపోయేది, వచ్చిన లెక్కలే తప్పు చేసేవాళ్లం, పక్కవాళ్లు పేజీ తిప్పినా చిరాకొచ్చేది. అన్నం తగ్గించమని, టీ తాగమని అందరూ సలహాలిచ్చేవాళ్లే గానీ ఆ గది గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) ఉంటే, తలుపులు బిగించి అంతమందిని కూర్చోబెట్టిన గదిలో 1000 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఒళ్లు చల్లగానే ఉంటుంది, బుర్ర మాత్రం మొద్దుబారుతుంది.

ఇక్కడ ఓనర్ అన్న మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏసీ ఆపేసి కిటికీలన్నీ తెరిపిస్తారు. ఎండాకాలంలో కొందరు గొడవపడతారు, క్రాస్ రోడ్స్ వైపు నుంచి హారన్లు కూడా వినిపిస్తాయి, అయినా ఆయన ఈ అలవాటు మానకూడదని నా కోరిక.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. లైట్ల కింద టేబుల్ మీద 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత) ఉంటే చాలా బాగున్నట్టే లెక్క, అదే పగటిపూట కిటికీ పక్కన వేలల్లో ఉంటుంది. ఇది పగలు, ఇది రాత్రి అని ఒంటికి తెలిసేది ముఖ్యంగా కంట్లో పడే ఈ వెలుతురు వల్లే. సెల్లార్ రోజుల్లో ఒంటిగంట దాటినా నిద్ర పట్టేది కాదు, ఇక్కడికొచ్చాక పదకొండుకే కళ్లు మూతలు పడుతున్నాయి.

చెట్టు కనిపిస్తే ఏమొస్తుంది అనేవాళ్లకి ఒక మాట. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు 1984లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి, అందరికీ గాల్‌బ్లాడర్ ఆపరేషనే. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే తొందరగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. చూసింది 46 మందినే కాబట్టి చిన్న అధ్యయనమే, కానీ రోజంతా ప్లైవుడ్ చూస్తూ చదివినవాళ్లకి నమ్మడం కష్టమేం కాదు.

లోపాలూ ఉన్నాయి. లిఫ్ట్ లేదు, టాయిలెట్లు చాలవు. అన్నిటికంటే బాధ కలిగించేది నడిమి వరుసలు: అక్కడివాళ్లకి ఒక్క కిటికీ కూడా కనిపించదు, ఫీజు మాత్రం అందరికీ ఒకటే. అన్నా, క్యాబిన్ల చెక్కలు కాస్త ఎత్తు తగ్గించండి, లేదా ఆ వరుసలకైనా ఫీజు తగ్గించండి.

చేరాలనుకునేవాళ్లు పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఓ అరగంట కూర్చుని చూడండి. తూర్పు వైపు సీట్లు నెలాఖరులోనే ఖాళీ అవుతాయి, ముందుగా చెప్పి ఉంచుకోండి.