హాలు గోడకి పాత టేకు చెక్క: కొన్ని వానాకాలాలు చూశాక నా రివ్యూ

మాది అమలాపురం పక్క పల్లెటూరండి. మా వైపు మండువా లోగిళ్లు పడగొట్టాక దూలాలు, వాసాలు, అటక చెక్కలు అన్నీ పాత కలప అమ్మే కొట్లకి చేరతాయి. అందులోంచి టేకు అటక చెక్కలు ఏరుకుని హాల్లో టీవీ ఉన్న గోడంతా వేయించాం. ఒకప్పుడు పైనుంచి గోదారి మీద తెప్పలు కట్టి దింపిన కలప అని కొట్టాయన చెప్పాడు, అమ్మేవాడు అలాగే చెప్తాడనుకోండి.

కొనేటప్పుడు చూడాల్సింది చేవ, అంటే మాను మధ్యలో ఉండే ముదురు చెక్క. టేకుకి చెద పట్టదంటారు గానీ ఆ బలం చేవకే, అంచున ఉండే తెల్ల చెక్కకి లేదు, పుచ్చుపురుగు అక్కడే దూరుద్ది. మా మేస్త్రి తెల్లంచంతా కోయించేశాడు, బోల్డంత చెక్క పొయ్యిలోకి పోయింది, అప్పుడు కడుపు మండింది గానీ ఇప్పటిదాకా గోడ కింద పొడి రాల్లేదు. మేకులు ఇంకో గోల. బ్లేడు పోద్దని సామిల్లులో ముట్టుకోనన్నారు, అయస్కాంతం పెట్టి వెతికి ఒక్కోటీ పీకించేసరికి కూలీ చెక్క ఖరీదుతో పోటీ పడింది.

రంగేసిన తలుపు చెక్కలు చవగ్గా వస్తున్నా తీసుకోలేదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న రూలు మన దగ్గర 2017 నవంబరు నుంచే అమలైంది, అంతకుముందు రంగుల్ని గీకితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకే కదండి.

అసలు శత్రువు మాత్రం చెమ్మ. కాలవలు నిండుగా ఉన్నన్నాళ్లు మన గోడల అడుగున ఉప్పు పొంగి సున్నం రాలుద్ది, దాన్ని కప్పెయ్యడానికి చెక్క కొట్టిస్తాం అనేవాళ్లు చాలామంది ఉన్నారు, కొట్టిస్తే చెమ్మ కనపడదు అంతే, తగ్గదు, పైగా లోపల బూజు పట్టి చెక్క కూడా పోద్ది. మేం వాన తగలని లోపలి గోడ చూసుకున్నాం. ముందు రీపర్లు, అంటే సన్న చెక్క పట్టీలు, కొట్టి వాటి మీద చెక్కలు బిగించాం, వెనకాల గాలి ఆడేలా కిందా పైనా సందు వదిలాం. వానల్లో చెక్కలు ఉబ్బి దగ్గరకొస్తాయి, రోహిణి కార్తెలో విడిపోయి మధ్యలో చీకటి గీతలు కనిపిస్తాయి, ఒక్కటీ వంకర తిరగలేదు.

బాగోనివీ ఉన్నాయి. హాలు చీకటైంది, ఇంకో లైటు పెట్టించాం. ఆ సందుల్లో బల్లులు కాపురం పెట్టాయి, కింద సందుకి దోమల జాలీ కొట్టాక కాస్త నయం. చెక్కలన్నీ ఒకే మందం కాదు కాబట్టి అంచుల మీద దుమ్ము నిలుస్తుంది, బ్రష్షుతో దులుపుకోవాల్సిందే.

మొత్తం ఖర్చు కొత్త ప్లైవుడ్ మీద మైకా వేయించినదానికంటే ఎక్కువే అయిందండి, పాత సామాను చవకని దిగొద్దు. ఇప్పుడు మా ఆవిడ వంటింటి గోడక్కూడా వేయించమంటోంది, పులస వేయించిన జిడ్డు ఆ పగుళ్లలోకి పోతే ఎవరు తుడుస్తారని నేను టైల్స్ దగ్గరే ఆగాను.