బ్రిటన్‌లో ఉండిపోవాలా, జర్మనీ వెళ్లాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా బ్రిటన్ వచ్చిన జర్మన్ కుర్రాడు, పొలం పనిలో పరిచయమైన బ్రిటిష్ అమ్మాయి. 1947లో పెళ్లికి అనుమతైతే వచ్చింది, మరి కాపురం ఎక్కడ?

ఖర్చు: బ్రిటన్‌లో రేషనే అయినా పొలంలో పని దొరుకుతుంది. జర్మనీలో ఊళ్లే శిథిలాలు, 1948 దాకా మార్కుకి (జర్మన్ కరెన్సీ) విలువ లేక బ్లాక్ మార్కెట్లో సిగరెట్లే డబ్బు.

రిస్క్: ఇక్కడుంటే సూటిపోటి మాటలు, అందులోనూ యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న వాళ్ల గుమ్మం ముందు నుంచి ఇద్దరూ కలిసి నడవాలంటే టెన్షనే. అక్కడికెళ్తే ఆమెకి భాష రాదు, పైగా 1949కి ముందు విదేశీయుణ్ణి పెళ్లాడితే బ్రిటిష్ పౌరసత్వమే పోవచ్చు (ఇదేం న్యాయమో!).

అతని సొంతూరు సోవియట్ జోన్‌లో (జర్మనీలో సోవియట్ సేనల ఆధీనంలోని తూర్పు భాగం) ఉంటే బ్రిటన్‌లో ఉండిపోవడమే మేలు. సుమారు 24,000 మంది ఖైదీలు బ్రిటన్‌లోనే ఉండిపోయారు. జర్మనీలో తల్లి ఒంటరిగా ఎదురుచూస్తుంటే మాత్రం వెళ్లక తప్పదు.